కుక్క కడుపు ఉబ్బిందా? వంట సోడా పట్టించొద్దు.. రక్తంలో జరిగేది ఇదీ!

కామారెడ్డి: కడుపు నిండా తిన్న కుక్క కాసేపటికే ఉన్నచోట ఉండలేక అటూ ఇటూ తిరుగుతుంది. వాంతికి ప్రయత్నిస్తుంది కానీ నురగ తప్ప ఏమీ రాదు. పొట్ట డోలులా బిగుసుకుంటుంది. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఆవులు, బర్రెలు ఉన్న ఇళ్లకు కడుపుబ్బరం కొత్త మాటేం కాదు. కానీ ఇది కూడా అదేననుకుని నూనె, వంట సోడా పట్టిస్తే కుక్క ప్రాణానికే ముప్పు!

అసలేం జరుగుతుంది?

డాక్టర్లు దీన్ని జీడీవీ అంటారు. గ్యాస్‌తో ఉబ్బిన కడుపు మెలి తిరిగి, లోపలికి, బయటికి ఉన్న రెండు దారులూ మూసుకుపోతాయి. ఛాతీ లోతుగా ఉండే గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్ లాంటి పెద్ద జాతుల్లో ఇది ఎక్కువ.

రక్తంలో రెండు వైపుల లాగుడు

కుక్క రక్తం పీహెచ్ మామూలుగా 7.35 నుంచి 7.45 మధ్య ఉంటుంది. ఉబ్బిన కడుపు గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిరను నొక్కేస్తుంది. ఒంటికి ఆక్సిజన్ అందక లాక్టేట్ పేరుకుపోయి, రక్తం ఆమ్లం వైపు జారుతుంది. ఊపిరి సరిగా ఆడకపోతే కార్బన్ డయాక్సైడ్ కూడా నిలిచిపోయి ఆమ్లం ఇంకా పెరుగుతుంది.

మరోవైపు యాసిడ్ అంతా కడుపులోనే చిక్కుకుపోతే రక్తం క్షారం వైపు వెళ్తుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే రిపోర్టులో పీహెచ్ నార్మల్‌గానే కనిపించొచ్చు. కుక్క మాత్రం షాక్‌లో ఉంటుంది! అందుకే పీహెచ్‌తో పాటు బైకార్బొనేట్, కార్బన్ డయాక్సైడ్, పొటాషియం, లాక్టేట్ కూడా చూస్తారు.

లాక్టేట్ మామూలుగా 2.5 మిల్లీమోల్స్ లోపే ఉండాలి. 6 దాటితే కడుపు గోడ దెబ్బతిని ఉండొచ్చని అనుమానిస్తారు. అలాగని ఆశ వదులుకోనక్కర్లేదు. సెలైన్ ఎక్కించి, గ్యాస్ తీశాక ఆ అంకె బాగా తగ్గితే మంచి సూచనే.

సోడా ఎందుకు వద్దు?

సోడా యాసిడ్‌తో కలిస్తే పుట్టేది కార్బన్ డయాక్సైడే. దారి మూసుకుపోయిన కడుపులో గ్యాస్ ఇంకా పెరుగుతుంది. నూనె పట్టిస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆస్పత్రిలో కూడా బైకార్బొనేట్ చూడకుండా ఇచ్చేయరు. రక్తప్రసరణ కుదుటపడితే లాక్టేట్‌ను శరీరమే సర్దుకుంటుంది.

దూరమే అసలు పరీక్ష

ఎల్లారెడ్డి నుంచి హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల పైమాటే. అందుకే తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. ముందు దగ్గర్లోని పశువైద్యుడికి ఫోన్ చేయాలి. అక్కడ సెలైన్ పెట్టించి, గొట్టంతోనో సూదితోనో గ్యాస్ తీయించి, ఆపరేషన్ సౌకర్యం ఉన్న చోటికి వెంటనే తరలించాలి. ఆపరేషన్‌లో మెలి విప్పి, మళ్లీ తిరగకుండా కడుపును పొట్ట గోడకు కుట్టేస్తారు.

పెద్ద జాతి కుక్కకు రోజూ ఒకేసారి కడుపు నిండా పెట్టకుండా రెండు మూడు సార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. తిన్న వెంటనే పరిగెత్తించొద్దు.