ఒక కంపెనీకి ఇచ్చిన రక్తం ఇంకో కంపెనీకి పనికొస్తుందా?

జీవిత బీమా గురించి బి.యస్సీ. విద్యార్థి వ్రాయటమేమిటని మీరనుకోవచ్చు. మా ఇంట్లో జరిగిన సంగతే నాచేత ఈ వ్యాసం వ్రాయించింది.

మా నాన్న రైతు. బోరుకు, చెల్లెలి పెళ్ళికి తెచ్చిన అప్పు తీరకముందే తనకేమైనా అయితే అమ్మ గతేమిటని, క్రిందటి వేసవిలో ఒక కంపెనీలో టర్మ్ పాలసీకి ప్రపోజల్ పెట్టాడు. పరగడుపున టౌనుకెళ్ళి రక్తం, మూత్రం ఇచ్చి, ఇ.సి.జి. తీయించుకుని వచ్చాడు. కొన్నాళ్ళకు ఉత్తరం వచ్చింది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నది కనుక ప్రీమియం పెంచుతామన్నారు. నాన్న ఒప్పుకోలేదు. అంతలో వేరే కంపెనీ ఏజెంటు వచ్చి, "ఆ రిపోర్టులు మాకు చెల్లవండీ, మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. ఆ పాత సంగతి మాత్రం ఫారంలో రాయకండి" అన్నాడు.

"ఒరే, మొన్ననేగా సూది గుచ్చారు! మనిషి మారాడా, రక్తం మారిందా?" అని నాన్న నన్నడిగాడు. తెలుసుకుని చెప్తానన్నాను.

1956లో జీవిత బీమాను జాతీయం చేశాక, తపాలా బీమా వంటివి తప్పిస్తే, దేశంలో ఎల్.ఐ.సి. ఒక్కటే ఉండేది. 2000లో ప్రైవేటు కంపెనీలు రావటంతో "ఇక్కడ కాకపోతే అక్కడ" అనే వీలు కలిగింది. ఆరోగ్య బీమా పాలసీని ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మార్చుకునే పద్ధతి 2011లో వచ్చింది గాని, జీవిత బీమాకు అటువంటిది లేదు. కొత్త కంపెనీకి వెళితే కొత్త ప్రపోజలే.

మరి పాత రిపోర్టును ఎందుకు ఒప్పుకోరు? మొదటి కారణం నమ్మకం. కంపెనీ తాను ఎంచుకున్న డాక్టరు, ల్యాబుల చేత పరీక్ష చేయిస్తుంది. గుర్తింపు కార్డు చూసి రక్తం తీస్తారు, రిపోర్టు నేరుగా కంపెనీకే పోతుంది. మనం పట్టుకెళ్ళిన కాగితంలోని రక్తం ఎవరి చేతిలోనిదో రెండో కంపెనీకి ఎలా తెలుస్తుంది? రెండవది కాలం. పరగడుపు చక్కెర ఆనాటి ఉదయం సంగతే చెబుతుంది. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అందుకే ఆ కణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటిన చక్కెరను కొలిచే హెచ్.బి.ఎ.1.సి. పరీక్ష కూడా గడచిన రెండు మూడు నెలల సంగతే చెప్పగలదు. మూడవది, వయస్సును బట్టి, బీమా మొత్తాన్ని బట్టి ఏయే పరీక్షలు కావాలో ఒక్కో కంపెనీకి ఒక్కో లెక్క.

నాన్నకు ధాన్యం లెక్కలో చెప్పాను. "ఒక వ్యాపారి మిషను పెట్టి తేమ చూశాడనుకో. ఆ చీటీ చూసి ఇంకో వ్యాపారి కొంటాడా? తన మిషను తనే పెడతాడు. మధ్యలో వాన పడిందేమో!" నాన్న నవ్వాడు.

అట్లాగని పాత రిపోర్టు వృథా కాదు. ఒక నకలు అడిగి తీసుకుని దగ్గర పెట్టుకోవాలి. ఇటీవలిదై, కావలసిన పరీక్షలన్నీ అందులో ఉంటే రెండో కంపెనీ పరిశీలించవచ్చు; అది వారి ఇష్టం, మన హక్కు కాదు. మళ్ళీ పరీక్ష అన్నా చాలా సందర్భాలలో ఆ ఖర్చు కంపెనీయే భరిస్తుంది. మనకు పోయేది ఒక పూట టిఫిను.

అసలు ప్రమాదం ఏజెంటు చెప్పిన రెండో మాటలో ఉంది. "ఇంతకుముందు మీ ప్రపోజలును ఏ కంపెనీ అయినా నిరాకరించిందా, వాయిదా వేసిందా, ప్రీమియం పెంచిందా?" అని ఫారంలోనే అడుగుతారు. అక్కడ "లేదు" అని వ్రాస్తే అబద్ధం. 1938 బీమా చట్టం 45వ సెక్షనును 2015లో సవరించారు. దాని ప్రకారం మూడేళ్ళు నిండిన పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించరాదు. కాని ఆ మూడేళ్ళ లోపు మోసమో, ముఖ్యమైన సంగతి దాచటమో బయటపడితే పాలసీని రద్దు చేయవచ్చు. వేరే కంపెనీలో అప్పటికే ఉన్న పాలసీని ఫారంలో చెప్పని ఒక కేసులో, కంపెనీ క్లెయిము నిరాకరించటం సబబేనని 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తప్పు వ్రాసిన మనిషి అప్పటికి లేడు. అనుభవించింది ఇంట్లోవాళ్ళు.

చదువుకున్న మనం ఒక్క పని చేయవచ్చు. మన ఇళ్ళలో ప్రపోజల్ ఫారాలు ఎక్కువగా ఏజెంటు నింపుతాడు, పెద్దవాళ్ళు చూపించిన చోట సంతకం పెడతారు. సంతకానికి ముందు ప్రతి ప్రశ్నా తెలుగులో చదివి వినిపించండి.

నాన్న రెండోసారి రక్తం ఇచ్చాడు. ఫారం నేనే నింపాను. మొదటి కంపెనీ ప్రీమియం పెంచిన సంగతి తేదీతో సహా వ్రాసి, ఉత్తరం నకలు జతచేశాను. ఏజెంటు మొహం మాడ్చుకున్నాడు. ఈ సంచికకు వ్యాసం ఇచ్చేనాటికి జవాబు రాలేదు. వీళ్ళు కూడా ఎక్కువే అడగవచ్చు.

"అడిగితే అడగనీరా. రేపు మీ అమ్మ చేతిలో పెట్టే కాగితం చెల్లాలి" అన్నాడు నాన్న.