వేరు తన కణాన్ని తానే ఎందుకు చంపుకుంటుంది?

యానాం చుట్టుపక్కల గోదావరి లంకల్లో వంగ, టమాటా బాగా పండిస్తారు. ఇసుక కలిసిన ఒండ్రు నేలంటే వేరుబుడిపె నులిపురుగులకూ ఇష్టమే. నీళ్లు పెడుతున్నా మధ్యాహ్నానికి వాడిపోయే మొక్కను పీకి, వేళ్లు కడిగి చూడండి. దారానికి పూసలు గుచ్చినట్టు బుడిపెలు కనిపిస్తే వాటి పనే.

పిల్ల పురుగు పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. వేరు కొస దగ్గర దూరి, కణాల సందుల్లోంచి పాకి, నీరు మోసే నాళాల దగ్గర ఆగుతుంది. నోట్లోని సూదితో కొన్ని కణాల్లోకి తన స్రావాలు ఎక్కిస్తుంది. ఆ కణాల్లో కేంద్రకాలు విభజన చెందుతూనే ఉంటాయి గానీ, కణం మాత్రం రెండుగా చీలదు. ఉబ్బి ఉబ్బి రాక్షస కణమవుతుంది. ఇక పురుగుకు కూర్చున్నచోటే భోజనం!

మరి తట్టుకునే టమాటా ఏం చేస్తుంది? దానిలో ‘ఎంఐ’ అనే జన్యువు ఉంటుంది. 1940లలో దక్షిణ అమెరికా అడవి టమాటా నుంచి సంకరం చేసి తెచ్చారు. పురుగు రాకను పసిగట్టగానే దాని తల దగ్గరి కణాలు తమంతట తామే చచ్చిపోతాయి. సుమారు 12 గంటల్లో ఆ జాడలు కనిపిస్తాయి. రాక్షస కణం తయారవదు, పురుగు పస్తులతో చస్తుంది. నాలుగు కణాలు పోతే పోయాయి, వేరు దక్కింది!

ఒక్క తిరకాసు ఉంది. నేల వేడి 28 డిగ్రీలు దాటితే ఈ జన్యువు సరిగా పనిచేయదు. అందుకే మన ఎండలకు విత్తనం ఒక్కటే చాలదు. పంటమార్పిడి, మధ్యలో బంతి మొక్కలు కూడా కావాలి.