కోడ్ కంపైల్ అయింది, కనెక్షన్ మాత్రం రాలేదు: రెండు హెడర్ ఫైళ్ల గొడవ

ఈఎస్‌పీ32 బోర్డుతో ఇంట్లో టెంపరేచర్ చూపించే చిన్న గ్యాడ్జెట్ చేస్తున్నా. వైఫై కనెక్ట్ అయింది, ఐపీ అడ్రస్ కూడా వచ్చింది. సర్వర్‌కి మాత్రం ఎంతకీ కనెక్ట్ అవ్వదే! కంపైలర్ ఒక్క వార్నింగ్ కూడా ఇవ్వలేదు. రెండు రాత్రులు కుస్తీ పట్టాక దొంగ దొరికాడు. అదొక హెడర్ ఫైల్.

ముందు బేసిక్స్ చూద్దాం. ఈ బోర్డులో టాస్క్‌లు నడిపేది ఫ్రీఆర్‌టీఓఎస్, నెట్‌వర్క్ చూసుకునేది ఎల్‌డబ్ల్యూఐపీ. సర్వర్ అడ్రస్‌ని మెమరీలో ఏ బైట్ తర్వాత ఏ బైట్ పెట్టాలో చెప్పేది నెట్‌వర్క్ హెడర్. అంటే లైబ్రరీల మధ్య ఒప్పంద పత్రం లాంటిది.

నేను వాడిన ఒక లైబ్రరీ లినక్స్ హెడర్ కాపీని తనతోనే తెచ్చుకుంది. లినక్స్ పద్ధతిలో అడ్రస్‌లో మొదటి 2 బైట్లూ ఫ్యామిలీకే. ఎల్‌డబ్ల్యూఐపీ బీఎస్‌డీ పద్ధతిలో వెళ్తుంది: మొదటి బైట్ పొడవు, రెండో బైట్ ఫ్యామిలీ. ఐపీవీ4 ఫ్యామిలీ నంబర్ 2. లైబ్రరీ దాన్ని 2, 0 అని రాసింది. ఎల్‌డబ్ల్యూఐపీ దాన్నే 'పొడవు 2, ఫ్యామిలీ 0' అని చదువుకుంది. ఫ్యామిలీ 0 అంటే దాని దృష్టిలో డిస్‌కనెక్ట్ చెయ్యమని! నేను కలపమంటే, అది తెంపమన్నానని అర్థం చేసుకుంది. టీసీపీ కాబట్టి ఎర్రర్ తిరిగొచ్చింది.

మరి కంపైలర్ ఎందుకు పట్టుకోలేదు? అది ఒక్కో సీ ఫైల్‌ని విడివిడిగా చూస్తుంది. ఏ ఫైల్‌కి ఆ ఫైల్ కరెక్టే. పైగా రెండు పద్ధతుల్లోనూ అడ్రస్ సైజు 16 బైట్లే, కాబట్టి సైజు చెక్ చేసినా దొరకదు.

పరిష్కారం సింపుల్. మొత్తం ప్రాజెక్ట్‌కి ఒకే హెడర్ ఉండాలి. లైబ్రరీలోని కాపీని తీసేశాను. 'సిస్/సాకెట్.హెచ్' లాంటి స్టాండర్డ్ పేర్లతో ఎల్‌డబ్ల్యూఐపీలోనే చిన్న ఫైళ్లు ఉన్నాయి. అవి చేసేదల్లా దాని అసలు హెడర్‌కి దారి చూపించడమే. లైబ్రరీ కోడ్‌లో ఒక్క లైన్ కూడా మార్చాల్సిన పని పడలేదు. మళ్లీ బిల్డ్ చేయగానే సర్వర్ పలికింది.

నటెక్స్ లాంటి ఓఎస్‌లు ఈ హెడర్లని తామే ఇస్తాయి. జెఫిర్ అయితే పేర్లు గుద్దుకోకుండా తన సాకెట్ ఫంక్షన్లకి 'జెడ్‌సాక్' అనే ముందుమాట తగిలించింది. దారులు వేరు, సూత్రం ఒకటే: ఒప్పంద పత్రం ఒక్కటే ఉండాలి.

కొత్త లైబ్రరీ దించుకున్నప్పుడు ముందు దాని ఫోల్డర్‌లో 'సాకెట్.హెచ్' ఉందేమో వెతకండి. ఉంటే, దాన్ని పక్కన పెట్టాకే బిల్డ్ కొట్టండి. నాకు పోయిన రెండు రాత్రులు మీకు మిగులుతాయి.