రేపల్లె - అవనిగడ్డ దూరము

రేపల్లె, అవనిగడ్డ పట్టణములు కృష్ణా నది సముద్రమును చేరబోవు ప్రాంతమున, నదికి చెరియొక వైపున ఉన్నవి. రేపల్లె పడమటి వైపున బాపట్ల జిల్లాలోను (2022కు పూర్వము గుంటూరు జిల్లా), అవనిగడ్డ తూర్పు వైపున కృష్ణా జిల్లాకు చెందిన దివిసీమలోను కలవు. నదికి ఈవలి ఒడ్డున పెనుమూడి (రేపల్లె మండలము), ఆవలి ఒడ్డున పులిగడ్డ (అవనిగడ్డ మండలము) గ్రామములు ఉన్నవి.

విహంగ దూరము

రెండు ఊళ్ళను కలుపుతూ పటముపై గీచిన సూటి గీత దూరమును విహంగ దూరము అందురు. ఈ రెండు పట్టణములు ఇంచుమించు ఒకే అక్షాంశముపై (16.02 డిగ్రీలు) ఉండుటచే లెక్క సులభము. రేపల్లె రేఖాంశము 80.83, అవనిగడ్డ రేఖాంశము 80.92, భేదము 0.09 డిగ్రీ. ఒక డిగ్రీ రేఖాంశము భూమధ్యరేఖ వద్ద సుమారు 111 కి.మీ. కాగా, ఈ అక్షాంశము వద్ద 107 కి.మీ. మాత్రమే. దీనిని 0.09తో గుణించగా 9.6 కి.మీ. వచ్చును.

ప్రయాణ దూరము

పక్షికి పది కిలోమీటర్లయినను మనిషికి ఆ లెక్క చెల్లలేదు. విజయవాడకు దిగువన కృష్ణపై వంతెన లేని రోజులలో రేపల్లె నుండి రోడ్డున అవనిగడ్డ చేరవలెనన్న తెనాలి మీదుగా విజయవాడ వెళ్ళి, ప్రకాశం బ్యారేజీ దాటి, తిరిగి నది వెంట దిగి రావలసి యుండెను. ఈ చుట్టు దారి సుమారు 130 కి.మీ.; పట్టు సమయము మూడు నాలుగు గంటలు. పెనుమూడి రేవున పడవ ఎక్కుట దగ్గరి దారియే గాని, వరద వచ్చినను, పెనుగాలి వీచినను అది మూతపడును. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెత్తిన నాటికి ఈ వైపు నుండి నేరుగా లారీ పోవుటకు దారి లేదు.

పెనుమూడి - పులిగడ్డ వారధి

21వ శతాబ్ది తొలి దశకమున ఈ రెండు గ్రామముల నడుమ వారధి ఏర్పడినది. ప్రయాణము సుమారు 15 కి.మీ.లకు, అరగంటకు తగ్గినది. కత్తిపూడి నుండి ఒంగోలు వరకు గల 216వ జాతీయ రహదారి (ఈ భాగము పూర్వపు 214ఎ) దీనిమీదుగానే పోవును. కావున మచిలీపట్నము నుండి చీరాల, ఒంగోలు వైపు పోవు వాహనములకు విజయవాడ వెళ్ళు పని తప్పినది. వారధి మేలు రెండు ఊళ్ళకే పరిమితము కాదనుటకు ఇదియే నిదర్శనము.

రైలు మార్గము

రైలు విషయములో పాత చుట్టు ఇంకను తీరలేదు. తెనాలి నుండి వచ్చు లైను రేపల్లెలోను, గుడివాడ నుండి వచ్చు లైను మచిలీపట్నములోను ఆగిపోవును. ఈ రెండు స్టేషన్ల మధ్య విహంగ దూరము సుమారు 38 కి.మీ. కాగా, తెనాలి, విజయవాడ, గుడివాడల మీదుగా రైలు దూరము సుమారు 145 కి.మీ. ఈ రెంటిని కలుపుతూ నూతన మార్గము వేయవలెనని ఇరు తీరముల ప్రజలు చాలాకాలముగా కోరుచున్నారు.