ఐదు వందల మైళ్ల పందెం

అమెరికా దేశంలో ఇండియానాపొలిస్ అనే పెద్ద పట్నం ఉంది. అక్కడ ఏటా మే నెల చివర ఒక కార్ల పందెం జరుగుతుంది. చూడడానికి లక్షల మంది వస్తారు. దాని పేరు ఇండియానాపొలిస్ 500. అంటే 500 మైళ్ల పందెం. కిలోమీటర్లలో చెబితే 805.

ఈ కార్లు రోడ్డు మీద తిరిగే కార్లలా ఉండవు. పైన కప్పు ఉండదు. చక్రాల మీద రేకు ఉండదు. నాలుగు చక్రాలూ బయటికే కనిపిస్తాయి. లోపల ఒక్క మనిషికే చోటు.

ఇటుకల బాట

కార్ల్ ఫిషర్ అనే వ్యాపారి మరో ముగ్గురితో కలిసి 1909లో ఈ పందెం బాట వేయించాడు. బాట కోలగా ఉంటుంది. ఒక చుట్టు తిరిగితే 4 కిలోమీటర్లు. పందెంలో 200 చుట్లు తిరగాలి.

మొదట కంకర, తారు వేశారు. ఆ ఏడు ఆగస్టులో పందేలు పెడితే కంకర లేచిపోయింది. కార్లు అదుపు తప్పాయి. ఐదుగురు చనిపోయారు. అప్పుడు బాటంతా 32 లక్షల ఇటుకలు పరిపించారు. తర్వాత వాటి మీద తారు వేశారు. ఇప్పుడు పందెం ముగిసే గీత దగ్గర మాత్రం మూడడుగుల మేర ఇటుకలు కనిపిస్తాయి.

వెనక చూసే అద్దం

మొదటి 500 మైళ్ల పందెం 1911 మే 30న జరిగింది. 40 కార్లు దిగాయి. ఆ రోజుల్లో కారులో ఇద్దరు కూర్చునేవారు. ఒకరు నడిపేవారు. రెండో మనిషి మెకానిక్. వెనక ఎవరు వస్తున్నారో అతనే చెప్పేవాడు.

రే హారౌన్ మాత్రం ఒక్కడే వచ్చాడు. వెనక వచ్చే కార్లు ఇతనికి ఎలా తెలుస్తాయని తక్కినవాళ్లు అడ్డం చెప్పారు. అతను కారుకు ఒక అద్దం బిగించుకున్నాడు. అందులో వెనక వచ్చే కార్లు కనిపించాయి. పందెం అతనే గెలిచాడు. అందుకు 6 గంటల 42 నిమిషాలు పట్టింది. 2021లో గెలిచిన కారుకు అంతే దూరం 2 గంటల 37 నిమిషాల్లో అయిపోయింది.

రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో పందెం ఆగింది. తర్వాత మళ్లీ సాగింది.

1936లో లూయీ మేయర్ గెలిచాడు. ఎండకు దాహం వేసి మజ్జిగ తాగాడు. ఎండలో మజ్జిగ మంచిదని వాళ్లమ్మ చెప్పేదట. అది చూసి తర్వాత పాల సీసా ఇవ్వడం మొదలుపెట్టారు. ఇప్పుడు గెలిచినవాళ్లు పాలు తాగడం ఆచారం.

ఆడవాళ్లు రాకూడదు

ఇంకో ఆచారం కూడా ఉండేది. కార్లు బాగుచేసే చోటికి ఆడవాళ్లను రానిచ్చేవారు కాదు. ఆడవాళ్లు కారు దగ్గరికొస్తే కీడు అని నమ్మేవారు.

1929లో గెలిచిన కారు మాడ్ యాగల్ అనే ఆవిడది. కారు ఆమెది. డబ్బు ఆమెది. అయినా తన కారు దగ్గరికి తనే పోకూడదు. జనంతో పాటు దూరంగా కూర్చుని చూసింది. 1971లో గాని ఆడవాళ్లకు ఆ తలుపు తెరుచుకోలేదు.

జానెట్ గుథ్రీ

జానెట్ గుథ్రీ భౌతికశాస్త్రం చదివింది. ఇంజనీరుగా పనిచేసింది. విమానం నడపడం నేర్చింది. కారు ఇంజను విప్పి తనే బిగించేది. 1976లో ఈ పందేనికి వచ్చింది. ఆడమనిషికి అంత వేగం చేతకాదని చాలామంది అన్నారు. ఆమె కారు వేగం చాలలేదు. చోటు దొరకలేదు. అప్పుడు ఎ.జె. ఫోయిట్ అనే పేరున్న డ్రైవరు తన కారు ఒకటి నడిపి చూడమని ఇచ్చాడు. ఆ కారును ఆమె చాలినంత వేగంతో నడిపింది. లోపం మనిషిలో లేదు, కారులో ఉందని తేలిపోయింది.

1977లో ఆమెకు చోటు దొరికింది. ఈ పందెంలో దిగిన మొదటి స్త్రీ ఆమే. అక్కడ పందేనికి ముందు మగవాళ్లను పిలిచి ఇంజన్లు స్టార్టు చేయమని చెప్పడం అలవాటు. ఆ పిలుపు మార్చమని మొదట అన్నారు. ఇంజను స్టార్టు చేసేది మెకానిక్‌లు, వాళ్లంతా మగవాళ్లే గదా అన్నారు. జానెట్ జట్టువాళ్లు ఊరుకోలేదు. ఆ పని కే బిగ్నొటీ అనే ఆవిడకు అప్పగించారు. ఇక పిలుపు మార్చక తప్పలేదు!

ఆ ఏడు జానెట్ కారు మధ్యలో చెడిపోయింది. 1978లో తనే సొంత జట్టు కూర్చుకుంది. పందేనికి రెండు రోజుల ముందు మణికట్టు ఎముక విరిగింది. ఎవరికీ తెలియనివ్వలేదు. ఆ చేత్తోనే నడిపి తొమ్మిదో స్థానంలో నిలిచింది. ఆనాటి ఆమె దుస్తులు, తలకు పెట్టుకున్న హెల్మెట్ ఇప్పుడు అమెరికా జాతీయ మ్యూజియంలో దాచి ఉంచారు.

తర్వాత మరికొందరు వచ్చారు. 1992లో లిన్ సెయింట్ జేమ్స్ 45 ఏళ్ల వయసులో మొదటిసారి దిగింది. కొత్తవాళ్లలో మేటి అనిపించుకుంది. 2009లో డానికా పాట్రిక్ మూడో స్థానంలో వచ్చింది. 2025 వరకు ఏ స్త్రీ మొదటి స్థానం గెలవలేదు. కానీ ఆడవాళ్లు వస్తే కీడు అనే మాట మాత్రం ఓడిపోయింది.

చర్చించుకోండి

1. మాడ్ యాగల్‌ను తన కారు దగ్గరికే ఎందుకు రానివ్వలేదు?
2. మీ ఊళ్లో ఆడవాళ్లు చేయకూడదు అనే పనులు ఏవి? అవి ఎందుకు చేయకూడదంటారు?