ఎక్కామా... దిగామా!

విమానం ఎక్కి, బెల్టు పెట్టుకుని, కిటికీలోంచి కాసేపు సముద్రాన్ని చూద్దామనుకునేలోపే దిగిపోవాల్సివస్తే? స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవుల్లో జరిగేది అదే. అక్కడి వెస్ట్రే, పాపా వెస్ట్రే దీవుల మధ్య తిరిగే విమానం- టైంటేబుల్‌ ప్రకారం నడిచే సర్వీసుల్లో ప్రపంచంలోనే అతి చిన్నది. దూరం 2.7 కిలోమీటర్లు. రాజమండ్రి దగ్గర గోదావరి మీదున్న రైలు వంతెన పొడవూ ఇంచుమించు అంతే! టైంటేబుల్‌లో ప్రయాణ సమయం రెండు నిమిషాలు. గాలి కలిసొస్తే ఇంకా ముందే దిగిపోవచ్చు. రికార్డయితే 53 సెకన్లే!

పైలట్‌ పక్కనే సీటు

1967లో లోగనేర్‌ సంస్థ ఈ సర్వీసు మొదలుపెట్టింది. నడిచేది 'ఐలాండర్‌' అనే బుల్లి విమానం. ఎనిమిది మంది పడతారు. పైలట్‌ ఒక్కరే. షేర్‌ ఆటోలో డ్రైవర్‌ పక్కన కూర్చున్నట్టు ఒక ప్రయాణికుడు ఆయన పక్కసీట్లోనే కూర్చోవచ్చు. ఎయిర్‌హోస్టెస్‌లూ కాఫీలూ ఉండవు. ఉన్నా తాగే టైమేదీ!

గంట ఎందుకంటే...

హైదరాబాద్‌ నుంచి విజయవాడకు ఆకాశమార్గాన సుమారు 260 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్లే చిన్న విమానానికి అరగంట చాలు. కానీ టికెట్‌ మీద దాదాపు గంట ఉంటుంది. నిలిపినచోటు నుంచి రన్‌వే దాకా వెళ్లడం, పైకి లేవడం, నెమ్మదిగా కిందికి దిగడం... అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి మరి. పాపా వెస్ట్రేలో రద్దీ లేదు, పెద్ద ఎత్తుకి ఎగరాల్సిన పనీ లేదు. 53 సెకన్ల రికార్డును లెక్కగడితే సగటు వేగం గంటకు 183 కిలోమీటర్లే!

సరదా కాదు, అవసరం

ఇంతోటి దూరానికి విమానమా అనిపిస్తుంది. మధ్యలో ఉన్నది సముద్రం. పడవలో 25 నిమిషాలు. అలలు ఎగసిపడే రోజుల్లో పడవ కదలదు. పొగమంచు కమ్మితే విమానమూ ఆగుతుందనుకోండి. అయినా రెండు దారులుంటే ఒకటి కాకపోతే మరొకటి. టీచర్లు, డాక్టర్లు, పెద్దాసుపత్రికి వెళ్లాల్సిన రోగులు- అందరికీ ఈ విమానం ఊరి బస్సులాంటిది. అందుకే స్థానిక కౌన్సిల్‌ దీనికి సబ్సిడీ ఇస్తోంది.

5000 ఏళ్లకు పైబడిన రాతి ఇళ్లున్న ఈ దీవిలో 2001 జనాభా లెక్కల నాటికి మిగిలింది 65 మందే. 2011కి ఆ సంఖ్య 90 అయింది. ఇదంతా విమానం చలవేనని చెప్పలేం. కానీ రాత్రివేళ పిల్లాడికి జ్వరమొస్తే తెల్లారాక పట్నం చేరడానికో దారుందన్న ధీమా లేకపోతే, అలాంటి చోట కాపురం పెట్టడానికి ఎవరు మాత్రం ముందుకొస్తారు?