సర్వసమీకరణం అవునా, కాదా? సరిచూసే పద్ధతి

ఉద్దేశం: ఇచ్చిన త్రికోణమితీయ సమీకరణం సర్వసమీకరణమో కాదో ఈ భాగం చదివిన తరువాత మీరు నిర్ణయించగలుగుతారు.

నిర్వచనం

ఇరువైపులా అర్థవంతంగా ఉండే ప్రతి కోణానికీ నిజమయ్యే సమీకరణమే సర్వసమీకరణం. సైన్² క + కాస్² క = 1 అలాంటిది. సైన్ క = కాస్ క అనేది 45° వద్ద నిజమే కాని, 0° వద్ద కాదు. కనుక అది మామూలు సమీకరణం మాత్రమే.

కొన్ని విలువలు సరిపోతే చాలదా?

చాలదు. 7వ శతాబ్దపు మొదటి భాస్కరుడు ("లీలావతి" రాసిన భాస్కరుడు వేరు) "మహాభాస్కరీయం"లో చెప్పిన సూత్రాన్ని నేటి సంకేతాలలో చూడండి. క డిగ్రీలలో, 0 నుండి 180 వరకు:

సైన్ క = 4క(180 − క) ÷ [40500 − క(180 − క)]

క = 30 అయితే కుడివైపు 18000 ÷ 36000 = 1/2. క = 90 అయితే 32400 ÷ 32400 = 1. 0, 150, 180 వద్ద కూడా సరిగ్గా సరిపోతుంది. ఐదు విలువలు సరిపోయాయి కదా అని సర్వసమీకరణం అనేయవచ్చా? క = 45 తీసుకోండి. కుడివైపు 24300 ÷ 34425 = 12/17, ఇది అకరణీయ సంఖ్య. సైన్ 45° = 1/√2, ఇది కరణీయ సంఖ్య. రెండూ సమానం కాలేవు. ఈ ఒక్క ప్రత్యుదాహరణతో విషయం తేలిపోయింది.

అయినా ఈ సూత్రం వ్యర్థం కాదు. కోనసీమలోని ఐ.పోలవరం అక్షాంశం సుమారు 17°. విషువద్దినాన మధ్యాహ్నం అక్కడ సూర్యుని ఉన్నతి 90° − 17° = 73°. కొబ్బరి ఎండబెట్టిన చదునైన నేలపై పడే ఎండ తీవ్రత ఈ కోణపు సైన్‌కు అనులోమానుపాతంలో ఉంటుంది. సూత్రం ఇచ్చే విలువ 0.9558, పట్టికలోని విలువ 0.9563. లెక్కకు ఇది చాలు, నిరూపణకు చాలదు.

నిరూపించే పద్ధతి

విలువలు వేసి చూసినప్పుడు తేడా రాకపోతే, ఒక వైపు నుండి బయలుదేరి రెండవ వైపుకు చేరాలి.

ఉదాహరణ: (1 − కాస్ క)/సైన్ క = సైన్ క/(1 + కాస్ క) అని చూపండి.

ఎడమవైపు లవ, హారాలను (1 + కాస్ క)తో గుణిస్తే
(1 − కాస్² క)/[సైన్ క(1 + కాస్ క)]
= సైన్² క/[సైన్ క(1 + కాస్ క)]
= సైన్ క/(1 + కాస్ క) = కుడివైపు.

సైన్ క = 0 అయ్యే కోణాలను మినహాయించాలి.

జాగ్రత్త: నిరూపించవలసిన దానినే నిజమనుకొని ఇరువైపులా వర్గం చేయకండి. కాస్ క = √(1 − సైన్² క)ను వర్గం చేస్తే నిజమైన సర్వసమీకరణం వస్తుంది. కాని 180° వద్ద ఎడమవైపు −1, కుడివైపు 1.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ఇవి సర్వసమీకరణాలా?
1. సైన్ 2క = 2 సైన్ క
2. టాన్ క + కాట్ క = సెక్ క · కొసెక్ క

జవాబులు: 1. కాదు, 90° వద్ద 0, 2 వస్తాయి. 2. అవును, ఎడమవైపు (సైన్² క + కాస్² క)/(సైన్ క · కాస్ క)గా మారుతుంది.

సారాంశం

కాదని చెప్పడానికి ఒక్క కోణం చాలు. అవునని చెప్పడానికి ఎన్ని కోణాలు సరిచూసినా చాలదు, నిరూపణ కావాలి.